ప్రామ్స్‌కి అమ్మని తీసుకెళ్లాలి: సీటా, నిలబడడమా, అసలెక్కడ?

కౌశిక్_హారో | శనివారం, ఉదయం 8:52

అందరికీ నమస్తే. లండన్ వచ్చి నాలుగేళ్లయింది, ఇంతవరకు ఆల్బర్ట్ హాల్ గడప తొక్కలేదు. 9వ నంబరు బస్సులో వెళ్తూ ఆ గుండ్రటి ఎర్ర భవనాన్ని చూడడమే. ఇప్పుడు అమ్మ వచ్చింది, సెప్టెంబరు చివరిదాకా ఉంటుంది. చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. పెళ్లయ్యాక వీణ పోయింది కానీ చెవి పోలేదు. హాల్లో నేను ఏదైనా కూనిరాగం తీస్తే వంటింట్లోంచే "గాంధారం తగ్గింది" అంటుంది. దిగిన రోజు నుంచీ "మన బాహుబలి వేశారే, ఆ హాలు చూపించరా" అని ఒకటే పాట.

వేసవిలో అక్కడ ప్రామ్స్ అనే పాశ్చాత్య సంగీత కచేరీలు నడుస్తాయని తెలిసి వెబ్‌సైటు తెరిచాను. ఎరీనా అట, స్టాల్స్ అట, సర్కిల్ అట, క్వయర్ అట, గ్యాలరీ అట. 8 పౌండ్లకీ టికెట్టుంది, దానికి పదింతలదీ ఉంది. 8 పౌండ్లదేమో నిలబడి వినాలట. అమ్మకి 67, మోకాళ్లు అంతంతమాత్రం. నాకేమో పాశ్చాత్య సంగీతంలో ఓనమాలు రావు. అక్కడందరూ సూటూ బూటూ వేసుకొస్తారేమో, చీరతో ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని అమ్మకి ఇంకో టెన్షన్. వెళ్లినవాళ్లు కాస్త దారి చూపించండి.

బాస్_బాబీ | శనివారం, ఉదయం 9:30

బాహుబలి రోజు నేనున్నా అన్నా! 2019 అక్టోబరు 19. తెర మీద సినిమా, కింద ఆర్కెస్ట్రా లైవ్‌లో కీరవాణి గారి సంగీతం. ఈలలు, కేకలు, మా వరసలో ఒకాయన ఏకంగా కుర్చీ ఎక్కేశాడు. 2025 మేలో ఆర్‌ఆర్‌ఆర్ కూడా అలాగే వేశారు.

కానీ ప్రామ్స్ వేరే లోకం. వాయిస్తుంటే పక్కవాడు ఊపిరి పీలిస్తే వినపడుతుంది. అమ్మగారికి ముందే చెప్పి తీసుకెళ్లు. బాహుబలి ఊహించుకుని వస్తే పావుగంటలో నిద్రపోతారు. (మా నాన్న పోయాడు. గురక కూడా పెట్టాడు. రేడియోలో వచ్చిందో లేదో.)

గ్యాలరీ_గోపాలం | శనివారం, ఉదయం 10:15

కౌశిక్, ముందు చీర సంగతి తేల్చేద్దాం. ఏ బట్టలైనా ఫరవాలేదు. ఇరవై ఏళ్లుగా వెళ్తున్నాను, నా పక్కన నిక్కరు మీద వచ్చినవాళ్లు, సైకిల్ హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చినవాళ్లు, ఆఫీసు నుంచి తిన్నగా దిగినవాళ్లు నిలబడ్డారు. సూటువాళ్లుంటే బాక్సుల్లో, అంటే గదుల్లా విడిగా ఉండే ఖరీదైన సీట్లలో ఉంటారు. పట్టుచీర కట్టుకొస్తే అందరికంటే అమ్మగారే బాగుంటారు. ఒక్కటే ఇబ్బంది, ఉక్కపోత. దాని గురించి తర్వాత.

ప్రామ్ అంటే ప్రామనాడ్, అంటే పచార్లు చేస్తూ వినే కచేరీ. ఇప్పుడెవరూ పచార్లు చెయ్యరు కానీ నిలబడడం మిగిలింది. హాలు మధ్యలో, స్టేజీకి ఎదురుగా ఉండే గుండ్రటి నేల ఎరీనా. మిగతా రోజుల్లో అక్కడ కుర్చీలుంటాయి, ప్రామ్స్‌కి చాలావరకు తీసేస్తారు. అన్నింటికంటే పైన, గుమ్మటం కిందుగా చుట్టూ తిరిగే వరండా గ్యాలరీ. ఈ రెండిట్లోనూ నిలబడే టికెట్లు. ఏ రోజువి ఆ రోజు ఉదయం ఆన్‌లైన్‌లో పెడతారు. పెద్ద పేరున్న ఆర్కెస్ట్రా అయితే నిమిషాల్లో అయిపోతాయి, మామూలు మంగళవారం అయితే మధ్యాహ్నం దాకా దొరుకుతాయి.

ఇక్కడ నా మాట ఒకటుంది, తిట్టుకున్నా సరే. ఆ హాల్లో అన్నింటికంటే మంచి చోటు అన్నింటికంటే చవకైనదే. ఎరీనాలో కమ్మీ పట్టుకుని ముందు నిలబడితే వయొలిన్ వాయించేవాళ్ల విల్లు మీద వెంట్రుక తెగి వేలాడడం కనిపిస్తుంది. అంత దగ్గర. వంద పౌండ్లు పెట్టినవాడు ఎక్కడో వెనక బైనాక్యులర్స్‌తో చూస్తుంటాడు. అయితే గంటన్నర నిలబడాలి. 67 ఏళ్ల మోకాళ్లతో ఎరీనా వద్దు. సీటే తీసుకో.

మూడో_గంట | శనివారం, ఉదయం 11:40

గోపాలం గారు సగం చెప్పారు, మిగతా సగం నా పని. కౌశిక్ గారూ, మీ అమ్మగారు వీణ నేర్చుకున్నారన్నారు కాబట్టి ఈ కథ ఆవిడకి తప్పకుండా చెప్పండి.

ప్రామ్స్ ఆల్బర్ట్ హాల్లో పుట్టలేదు. 1895 ఆగస్టు 10న లాంగమ్ ప్లేస్‌లో ఉన్న క్వీన్స్ హాల్లో మొదలయ్యాయి. ఆ హాలు మేనేజరు రాబర్ట్ న్యూమన్ ఆలోచన చాలా సింపుల్: టికెట్టు చవగ్గా పెట్టి, ముందు తేలికైనవి వినిపించి, జనం చెవిని మెల్లగా పెద్ద సంగీతానికి అలవాటు చెయ్యాలి. నిలబడేవాళ్లకి ఒక షిల్లింగు. లోపల తినొచ్చు, తాగొచ్చు, చుట్ట కూడా కాల్చొచ్చు. పాట పాడేటప్పుడు మాత్రం అగ్గిపుల్ల గియ్యొద్దని మనవి. కండక్టరుగా 26 ఏళ్ల హెన్రీ వుడ్‌ని పెట్టుకున్నాడు.

డబ్బు ఎవరు పెట్టారనేదే అసలు సంగతి. జార్జ్ క్యాత్‌కార్ట్ అనే గొంతు డాక్టరు. ఆయన పెట్టిన షరతు: శ్రుతి తగ్గించాలి! అప్పట్లో ఇంగ్లండ్ ఆర్కెస్ట్రాల శ్రుతి ఫ్రాన్స్ వైపు కంటే అర్ధ స్వరానికి దగ్గరగా ఎక్కువ ఉండేది. దాంతో పాడేవాళ్ల గొంతులు పాడవుతున్నాయని రోజూ ఆ గొంతులే చూసే ఈయన బాధ. తీగ వాయిద్యాలు దించుకుంటే సరిపోతుంది, ఊదేవాటిని అలా దించలేరు కదా, తక్కువ శ్రుతి వాయిద్యాలు కొత్తగా తెప్పించాల్సి వచ్చింది. ఒక డాక్టరు శ్రుతి మీద పట్టుబట్టడం వల్ల మొదలైన పండగ ఇది.

1927 నుంచి బీబీసీ చేతికి వచ్చింది. 1941 మే 10 రాత్రి జర్మన్ బాంబులకి క్వీన్స్ హాల్ కాలిపోయింది. ఆ వేసవికే ప్రామ్స్ ఆల్బర్ట్ హాల్‌కి మారాయి. శిథిలాల్లోంచి తీసిన హెన్రీ వుడ్ కంచు విగ్రహం ఇప్పటికీ ప్రతి సీజన్లో ఆర్గాన్ ముందు పెడతారు. స్టేజీ వెనకాల చూడండి, ఆయన ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు.

చిట్టి_స్లవ్ | శనివారం, మధ్యాహ్నం 1:05

సీటు తీసుకోమని తేలిగ్గా అంటున్నారు. పోయినేడాది నేను చేసిన తప్పు చెప్తా, నువ్వు చెయ్యకు. నేను కావాలనుకున్న రోజు అసలు సైట్లో "అయిపోయాయి" అని చూపించింది. కంగారులో వెతికి ఒక రీసేల్ సైట్లో రెండు టికెట్లు కొన్నా. మూడు రెట్ల ధర, పైన "సేవా రుసుము" అని ఇంకో వాత. తీరా వెళ్తే ముందు స్తంభం. పియానో వాయించే ఆయన కుడి మోచెయ్యి తప్ప ఏమీ కనపడలేదు. ఇంకా చిత్రమేంటంటే, ఆ సాయంత్రం మా చుట్టూ డజను సీట్లు ఖాళీ!

అయిపోయాయన్నప్పుడు ఆ సీట్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

గ్యాలరీ_గోపాలం | శనివారం, మధ్యాహ్నం 1:48

చిట్టీ, నేను చెప్తా. ఆ హాలు కట్టడానికి డబ్బుల్లేక 1860ల్లోనే సీట్లు అమ్మేశారు. ఒక్కో సీటు 100 పౌండ్లు, 999 ఏళ్ల లీజు. ఉన్నవి 5,272 అయితే అందులో 1,200 పైచిలుకు ఇంకా అలాంటి యజమానుల చేతుల్లోనే ఉన్నాయి. తాతల నాటి పొలం లాగా వారసత్వంగా వస్తాయి, అమ్ముకుంటారు కూడా. వాళ్లు రాకపోతే ఖాళీ. వాళ్లు బయట అమ్ముకుంటే నువ్వు కట్టిన ధర. దీని మీద ఇక్కడ ఏళ్ల తరబడి గొడవ నడుస్తోంది.

కాబట్టి కౌశిక్, హాలు వాళ్ల సైట్లోనే కొను. లేవంటే రోజూ చూస్తూ ఉండు, వెనక్కిచ్చినవి పడుతుంటాయి. "రిస్ట్రిక్టెడ్ వ్యూ" అని రాసుంటే సీటు ధర తగ్గుతుంది, కానీ ఏది అడ్డమో ఫోన్ చేసి అడిగి కొను.

సుబ్బు_సౌండ్ | శనివారం, సాయంత్రం 4:20

నేను సౌండ్ పనిలో ఉన్నవాణ్ని, సీటు గురించి నా గోల కూడా వినండి.

ఆ హాలు కట్టినవాళ్లు కంటికి కట్టారు, చెవికి కాదు. కోడిగుడ్డు ఆకారం, 219 అడుగుల పొడవు, 185 అడుగుల వెడల్పు, పైన గాజు, ఇనుము గుమ్మటం. స్టేజీ మీద శబ్దం రెండు దారుల్లో మీ దగ్గరికి వస్తుంది. ఒకటి తిన్నగా. రెండోది పైకెళ్లి, గుమ్మటానికి కొట్టుకుని కిందికి. గుమ్మటం 135 అడుగుల ఎత్తు. అంటే పైకీ కిందికీ కలిపి 80 మీటర్ల పైన. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది, లెక్కేసుకోండి, పావు సెకను ఆలస్యం. మన చెవికి ఇరవయ్యో వంతు సెకను తేడా వస్తే చాలు, రెండు దెబ్బలుగా వినపడుతుంది. అందుకే 1871 మార్చి 29న ప్రారంభోత్సవంలోనే ప్రతిధ్వని బయటపడింది. బ్రిటిష్ స్వరకర్తకి తన రచన రెండోసారి వినే అవకాశం దొరికేది ఈ హాల్లోనే అని ఇక్కడి పాత జోకు.

నూరేళ్లు దీంతో కుస్తీ పట్టారు. గుడ్డ కట్టారు, 1949లో అల్యూమినియం రేకులు వేశారు. చివరికి 1969లో పైనుంచి ఫైబర్‌గ్లాస్ పళ్లాలు వేలాడదీశారు, అందరూ పుట్టగొడుగులంటారు. ఇప్పుడు 85 ఉన్నాయి. తలెత్తి చూస్తే నీలం లైట్లలో తేలుతుంటాయి. శబ్దం గుమ్మటం దాకా పోకుండా మధ్యలోనే చెదరగొడతాయి.

ఇక సీటు. సర్కిల్ అంటే బాక్సుల పైన చుట్టూ ఉండే సీట్లు, అందులో బాగా వెనకైతే శబ్దం పల్చబడుతుంది. బాక్సులు ఖరీదు. అమ్మగారు వాయిద్యం నేర్చుకున్న మనిషి కాబట్టి నా సలహా క్వయర్ సీట్లు. అవి ఆర్కెస్ట్రా వెనకాల ఉంటాయి. పాడే బృందం లేని రోజుల్లో జనానికి అమ్ముతారు. డ్రమ్ములు, ఇత్తడి బూరలు కాస్త ఎక్కువ వినపడతాయి, వయొలిన్లు వీపు వైపు నుంచి వస్తాయి. శబ్దం సమతూకంగా ఉంటుందని చెప్పను. కానీ కండక్టర్ ముఖం మీకే కనిపిస్తుంది. మిగతా అయిదువేల మందీ ఆయన కోటు వెనక భాగం చూస్తుంటారు.

కౌశిక్_హారో | శనివారం, రాత్రి 9:11

గొంతు డాక్టరు కథ అమ్మకి చెప్పాను. "మరి! శ్రుతి మించితే రాగాన పడుతుందని ఊరికే అన్నారా" అని రెండుసార్లు అంది. క్వయర్ సీట్లు రెండు బుక్ చేశాను, వచ్చే గురువారం. మొదట బీథోవెన్ పియానో కాన్సెర్టో (పియానో ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించేదట), విరామం తర్వాత బ్రామ్స్ నాలుగో సింఫనీ. ఇప్పుడు కొత్త భయం. అమ్మకి సంగీతం వింటే చెయ్యి ఆగదు, తొడ మీద తాళం వేస్తుంది. ఎవరైనా కోప్పడతారా?

రాగమాలిక | ఆదివారం, ఉదయం 7:35

కౌశిక్ గారూ, నేనూ కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్నే. నా మొదటి ప్రామ్‌లో పక్కావిడ నా చేతి మీద చెయ్యి వేసి నవ్వుతూ ఆపింది. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత అలవాటైంది.

మన సభలో "భళా" అనడం, తలూపడం, తాళం వెయ్యడం, అదంతా పాడేవాళ్లకి బలం. రసికులు కదలకపోతే విద్వాంసుడికి కచేరీ సాగదు. ఇక్కడ లెక్క వేరు. మైకులు లేకుండా వందమంది వాయిస్తుంటే అతి మెల్లటి చోట గాజు మీద వేలు రాసినంత శబ్దం ఉంటుంది, అదీ వినపడాలి. నిశ్శబ్దమే వీళ్ల "భళా". అమ్మగారి తాళం చప్పుడు కాకపోతే ఎవరికీ అభ్యంతరం ఉండదు. వేళ్లు లెక్కపెట్టుకోమనండి, చరుపు వద్దు. గాజులు ఎక్కువ వద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్పండి!

చప్పట్ల సంగతి. సింఫనీలో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి. భాగానికీ భాగానికీ మధ్య ఆగుతారు, అది అయిపోవడం కాదు. అప్పుడు చప్పట్లు కొట్టరు, దగ్గుతారు. అందరూ కలిసి దగ్గుతారు, నిజం, దగ్గుల కచేరీ. కండక్టర్ చేతులు పూర్తిగా దించాకే చప్పట్లు.

మనవాళ్లెవరూ అక్కడికి వెళ్లలేదనుకోకండి. 2011లో అరుణా సాయిరాం గారు ప్రామ్స్‌లో పాడారు. 2023లో లతా మంగేష్కర్ పాటలతో ఒక సాయంత్రమంతా నడిపారు, పలక్ ముచ్చల్ పాడింది. ఆ రోజు ఎరీనా నిండా చీరలే.

బాస్_బాబీ | ఆదివారం, ఉదయం 10:02

భాగాల మధ్య చప్పట్లు కొడితే కొంపలేం మునుగుతాయి అక్కా? బాగుంటే కొడతాం. ఈ రూల్స్ వల్లే మన వయసువాళ్లు రారు.

గ్యాలరీ_గోపాలం | ఆదివారం, ఉదయం 10:40

బాబీ, హెన్రీ వుడ్ కాలంలో మధ్యలో కొట్టేవాళ్లే. ప్రామ్స్‌లో ఇప్పటికీ మొదటి భాగం గట్టిగా ముగిస్తే పైనుంచి చప్పట్లు పడుతూనే ఉంటాయి. పాతకాపులు ముఖం చిట్లిస్తారు, కొందరు కండక్టర్లు తిరిగి చిరునవ్వు నవ్వుతారు, ఆట కొనసాగుతుంది. నేను కొట్టను. అలాగని కొట్టినవాణ్ని చూసి ఉరిమి చూసేవాళ్లంటే నాకు ఇంకా చిరాకు. అమ్మగారు కొడితే కొట్టనీ.

అయితే నెమ్మదిగా ఆరిపోయే ముగింపులుంటాయి చూడు, చివరి స్వరం పోయాక అయిదారువేల మంది పది, పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి ఉంటారు. అక్కడ ఒక్కడు "బ్రావో" అని అరిచి చెడగొడితే మాత్రం వాణ్ని క్షమించను.

ఇంకోటి, మీది పియానో కాన్సెర్టో కదా. పియానో తెచ్చి మూత ఎత్తేటప్పుడు చెవి రిక్కించి ఉండు. కింద ఎరీనావాళ్లు "హీవ్" అని అరుస్తారు, పైన గ్యాలరీ నుంచి మేము "హో" అంటాం. మన హైలెస్సా అనుకో. ఎప్పటినుంచో ఆనవాయితీ.

శ్రీవల్లి_రెడింగ్ | ఆదివారం, మధ్యాహ్నం 12:20

అడ్డొస్తున్నందుకు సారీ. మా పాపకి నాలుగున్నర, బాబుకి పది. తీసుకురావచ్చా?

రాగమాలిక | ఆదివారం, మధ్యాహ్నం 12:31

అయిదేళ్ల లోపు పిల్లల్ని మామూలు ప్రామ్స్‌కి రానివ్వరు శ్రీవల్లి గారూ. పాపకి వచ్చే ఏడాది. బాబుకి సీటు సగం ధరే, 18 ఏళ్ల లోపు అందరికీ అంతే, సీజన్ ఆఖరి రాత్రికి తప్ప. మొదటిసారికి అరగంట సింఫనీ పెట్టకండి, సినిమా సంగీతమో, పిల్లల ప్రోగ్రామో చూడండి.

మూడో_గంట | ఆదివారం, సాయంత్రం 5:15

గోపాలం గారు ఉక్కపోత తర్వాత చెప్తానని మర్చిపోయారు. నేనే చెప్తా.

అయిదువేల ఒళ్ల వేడి, స్టేజీ లైట్లు, పైన గాజు గుమ్మటం. ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం గ్యాలరీ ఆవిరి పెట్టిన ఇడ్లీ పాత్రే. నిలబడ్డవాళ్లు కళ్లు తిరిగి పడిపోవడం అక్కడ కొత్త కాదు. స్టేజీ మీదవాళ్లూ పడ్డారు. 1974 ఆగస్టులో కార్మినా బురానా అనే పెద్ద బృందగాన రచన నడుస్తుండగా పాడుతున్న బ్యారిటోన్ గాయకుడు థామస్ ఆలెన్ స్పృహ తప్పి పడిపోయాడు. టీవీలో వస్తోంది, ఆంద్రే ప్రెవిన్ కండక్టర్. ప్రేక్షకుల్లో నిలబడి వింటున్న ఒక కుర్రవాడికి ఆ రచన వచ్చు. తిన్నగా స్టేజీ వెనక్కి వెళ్లి "నేను పాడతాను" అన్నాడు. కోటు ఇచ్చారు, ఎక్కి పాడేశాడు. మర్నాటి పేపర్లలో వాడే హీరో.

కాబట్టి నీళ్ల సీసా, నూలు చీర. చేతి విసనకర్ర ఉంటే పెట్టుకోండి, భాగాల మధ్య మాత్రమే విసురుకోండి.

బాస్_బాబీ | ఆదివారం, సాయంత్రం 5:22

అన్నా ఆ కుర్రాడికి ఉన్న ధైర్యంలో పదో వంతు నాకు ఇంటర్వ్యూల్లో ఉంటే ఈపాటికి మేనేజర్ని అయ్యేవాణ్ని.

నిర్వాహకులు | ఆదివారం, రాత్రి 8:00

టికెట్లు అమ్ముతాం, కొంటాం అన్న రెండు పోస్టులు తీసేశాం. ఈ చర్చలో అవి వద్దు.

కౌశిక్_హారో | శుక్రవారం, రాత్రి 10:48

నిన్న వెళ్లొచ్చాం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

సౌత్ కెన్సింగ్టన్‌లో దిగి సొరంగం దారిలో మ్యూజియంల దాకా వచ్చి నడిచాం. అమ్మ నడకకి ఇరవై నిమిషాలు. బయట గోడ మీద చుట్టూ తిరిగే బొమ్మల పట్టీ ఉంది చూశారా, అక్కడే పది నిమిషాలు తలెత్తి నిలబడిపోయింది. లోపలికి వెళ్లి సీట్లో కూర్చోగానే "ఒరే, ఇది సర్కస్ డేరా లాగా ఉందిరా" అంది. పుట్టగొడుగులు చూపించాను. హెన్రీ వుడ్‌ని చూపించాను. సుబ్బు గారు చెప్పినట్టే ఆర్కెస్ట్రా మొత్తం మాకు వీపు పెట్టింది, ఎదురుగా ఎరీనాలో మనుషులు సంతలో లాగా కిక్కిరిసి నిలబడ్డారు.

పియానో మూత లేపారు. కింద "హీవ్", పైన "హో". అమ్మ ఉలిక్కిపడి, తర్వాత పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ వెంటనే వయొలిన్ల పెద్దాయన పియానో మీద ఒకే ఒక్క మెట్టు నొక్కాడు, అందరూ దానికి కలుపుకోవడానికి. ఎరీనా మొత్తం చప్పట్లు! "శ్రుతి ఇచ్చినందుకే చప్పట్లా? అయితే వీళ్లు మంచివాళ్లే" అంది అమ్మ. సన్నగా తనలో తాను కూడా కలిపి చూసుకుని "ఆరు శ్రుతి" అని తేల్చింది. తర్వాత వెతికాను, వాళ్ల 'A' అనే స్వరం అంటే మన ఆరు శ్రుతే.

బీథోవెన్ నాకు బాగా నచ్చింది, అమ్మకి ఓ మోస్తరు. "వేళ్లు బాగా పరిగెడుతున్నాయి" అని ఊరుకుంది. అసలు కథ బ్రామ్స్. మాకు సరిగ్గా ముందు ట్రాంబోన్‌ల వాళ్లు ముగ్గురు. మొదటి భాగం అయింది, వాళ్లు వాయించలేదు. రెండో భాగం, లేదు. మూడో భాగం, లేదు. ఒళ్లో బూరలు పెట్టుకుని బుద్ధిమంతుల్లా కూర్చున్నారు. భాగాల మధ్య అందరూ దగ్గుతుంటే అమ్మ నా చెవిలో "వీళ్లకి జీతం ఇస్తారా?" అంది.

నాలుగో భాగం మొదలవుతూనే ముగ్గురూ బూరలు ఎత్తారు. మా ఛాతీల్లోకి కొట్టింది ఆ శబ్దం. అమ్మ హ్యాండ్‌బ్యాగు మీద వేళ్లు కదలడం మొదలైంది. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు... ఎనిమిది లెక్కపెట్టి మళ్లీ మొదటికి. మళ్లీ ఎనిమిది. మళ్లీ. చప్పుడు లేకుండా, రాగమాలిక గారు చెప్పినట్టే. కాసేపటికి ఫ్లూటు ఒంటరిగా వచ్చింది, అప్పుడు వేళ్లు సగం వేగానికి దిగాయి. తర్వాత మళ్లీ అందుకున్నాయి. అయిపోయేదాకా ఒక్కచోట కూడా తప్పలేదు.

బయటికొచ్చాక అడిగాను. "ఏముందిరా, ఎనిమిదేసి లెక్కల ఆవర్తనం. అదే వరస పట్టుకుని మార్చి మార్చి వాయిస్తున్నాడు. ఫ్లూటు దగ్గర చౌకం చేశాడు. నీకు తెలియలేదా?" నాకు తెలియలేదు. ఇంటికొచ్చి చదివితే అచ్చం అదే రాసుంది: ఎనిమిది కొలతల వరస, దాని మీద ముప్పై మార్పులు, ఫ్లూటు చోట కొలత రెట్టింపు. ఏ పుస్తకం చదవకుండా ఆవిడ వేళ్లతో పట్టుకుంది.

రాగమాలిక | శుక్రవారం, రాత్రి 11:05

కౌశిక్ గారూ, రెండుసార్లు చదివాను. ఆ ఫ్లూటు దగ్గర నేను ఎన్నో ఏళ్లు లెక్క తప్పాను. అమ్మగారికి నమస్కారం చెప్పండి.

సుబ్బు_సౌండ్ | శనివారం, ఉదయం 8:10

ట్రాంబోన్‌ల వెనక కూర్చోబెట్టింది నేనే కాబట్టి ఈ క్రెడిట్లో పది శాతం నాది.

కౌశిక్_హారో | శనివారం, ఉదయం 9:25

సుబ్బు గారూ, ఇరవై తీసుకోండి. ఒక ప్రశ్న మిగిలింది. విరామంలో అమ్మ పైకి చూసి "అక్కడ మనుషులు పడుకున్నారేంట్రా?" అంది. నిజంగానే పై వరండాలో కొందరు గోడకి ఆనుకుని కూర్చున్నారు, ఒకాయన ఏకంగా వెల్లకిలా. అలా కూర్చోనిస్తారా? ఎందుకంటే అమ్మ వచ్చే బుధవారానికి అక్కడికే వెళ్దామంటోంది. కుర్చీలో కాళ్లు వేలాడేసుకుని సంగీతం వినడం తన వల్ల కాదట.

గ్యాలరీ_గోపాలం | శనివారం, ఉదయం 9:50

ఆ వెల్లకిలా ఉన్నది నేనే.

కూర్చోవచ్చు. గ్యాలరీలో సగంమంది దుప్పటి పరుచుకుని కూర్చునే వింటారు. స్టేజీ కనపడదు, చీమల్లా ఉంటారు. కానీ కళ్లు మూసుకుంటే శబ్దం అంతా కలిసి, ఉడికి, పైకి వస్తుంది. సుబ్బు ఒప్పుకోడు. పైకి లిఫ్టుంది. కింద పరుచుకోవడానికి మందపాటి శాలువా, వీపుకి చిన్న దిండు తెచ్చుకోండి, అమ్మగారికి గోడ పక్క చోటు పట్టి ఉంచుతాను. 8 పౌండ్ల టికెట్టు బుధవారం ఉదయమే కొను, మర్చిపోకు.

కౌశిక్_హారో | శనివారం, ఉదయం 10:02

అలారం పెట్టేశాను. అమ్మ పులిహోర చేసి తెస్తానంటోంది, ఎంతమంది వస్తారో చెప్పమంది.

గ్యాలరీ_గోపాలం | శనివారం, ఉదయం 10:06

లోపలికి రానివ్వరు. రోడ్డు దాటితే ఆల్బర్ట్ మెమోరియల్, అక్కడ మెట్ల దగ్గర 5:30కి. నేను ఒకణ్ని.

బాస్_బాబీ | శనివారం, ఉదయం 10:07

ఇద్దరు. నాన్నని తీసుకురాను.

చిట్టి_స్లవ్ | శనివారం, ఉదయం 10:15

నాకూ ఒక ప్లేటు. ఈసారి స్తంభం లేదు కదా అక్కడ?